తల స్కాన్ నార్మల్, అయినా రెప్ప వాలింది: మెడ రక్తనాళానికి తగిలే దెబ్బ గురించి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా సంగతి తెలియాలి కదా. మీ తమ్ముడికి 27 ఏళ్ళు. ఆదివారం రాత్రి ఉలవపాడు దాటాక హైవే మీద గేదె అడ్డం వచ్చి బైక్ మీంచి పడ్డాడు. హెల్మెట్ ఉంది, స్పృహ తప్పలేదు. ఒంగోలులో తలకి సీటీ తీస్తే నార్మల్ వచ్చింది. మోకాలికి కుట్లు వేసి మర్నాడు ఇంటికి పంపారు. మంగళవారం నుంచి మెడకి ఎడమ పక్కన, ఎడమ కన్ను పైన నొప్పి. ఈరోజు, అంటే బుధవారం పొద్దున, ఎడమ రెప్ప కాస్త వాలింది. ఆ కంటిపాప రెండో దాని కంటే చిన్నగా ఉంది. కందుకూరులో చూసిన డాక్టరు గారు మెడ రక్తనాళం లోపల చిరిగి ఉండొచ్చని, వెంటనే సీటీ యాంజియో (రంగు మందు ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్) తీయించి అడ్మిట్ చేయమన్నారు. మీ మామయ్యేమో తల స్కాన్ బాగానే ఉంది కదా, ఇదంతా డబ్బు లాగడానికి, మెడ పట్టేసింది, పుత్తూరు కట్టుకి తీసుకెళ్దాం అంటున్నారు. స్కాన్ నిజంగా అవసరమా, దెబ్బలు తగిలిన మనిషికి రక్తం పలచబడే మందు ఎలా ఇస్తారు, చెన్నై పోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

కందుకూరు డాక్టరు గారు సరిగ్గా చెప్పారు. రేపటి దాకా ఆగొద్దు, ఈ రాత్రికే బయల్దేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు. నేను నెల్లూరులో చాలా ఏళ్ళుగా ట్రామా, రక్తనాళాల సర్జరీలు చేస్తున్నాను. మెడకి దెబ్బ తగిలాక ఒక పక్క నొప్పి, అదే పక్క రెప్ప వాలడం, పాప చిన్నదవడం, ఈ మూడూ కలిసి వస్తే కాదని తేలేదాకా కెరోటిడ్ ధమని, అంటే మెడ పక్క నుంచి మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద రక్తనాళం, చిరిగిందనే మేం అనుకుంటాం.

కంటికీ మెడకీ సంబంధం ఏమిటని మీ మామయ్య అడుగుతారు. రెప్పను పైకి ఎత్తి ఉంచే ఒక చిన్న కండరానికి, చీకట్లో కంటిపాపను పెద్దది చేసే కండరానికి వెళ్ళే సన్నటి నరాలు మెడలో కెరోటిడ్ గోడను అల్లుకుని పైకి పోతాయి. ధమని గోడ లోపల రక్తం చేరి ఉబ్బితే ఆ నరాలు నలుగుతాయి. దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారు. రెప్ప పూర్తిగా మూసుకుపోదు, ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది, అంతే. అందుకే ఇంట్లోవాళ్ళు నిద్ర చాలలేదేమో, దెబ్బకి వాచిందేమో అనుకుంటారు. గదిలో లైటు తగ్గించి చూడండి, రెండు పాపల తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పాత ఫోటో ఒకటి పక్కన పెట్టి పోల్చండి, పుట్టుకతో ఉన్న తేడా కాదని కూడా తేలిపోతుంది. దీనికి తిరగబడి, రెప్ప పూర్తిగా పడిపోయి పాప పెద్దదైతే అది వేరే నరం, అది మెదడు వైపు ఎమర్జెన్సీ. అప్పుడు ఫోటోలు తీస్తూ కూర్చోవద్దు.

ఇప్పుడు లోపల జరిగేది చూడండి. ధమని గోడకి మూడు పొరలు ఉంటాయి. తల ఒక్కసారి వెనక్కి వంగి పక్కకి తిరిగినప్పుడు లోపలి కెరోటిడ్ పై వెన్నుపూసల మీద సాగుతుంది. బయటి పొరలు సాగుడు తట్టుకుంటాయి, లోపలి పలచటి పొర చిరుగుతుంది. పొలంలో మోటారుకి తగిలించే పాత హోస్ పైపు చూశారు కదా, లోపలి పొర లేచిందంటే పైకి పైపు బాగానే కనిపిస్తుంది, నీళ్ళు మాత్రం సగమే వస్తాయి. ఇక్కడ ఇరుకు ఒక్కటే అయితే పెద్ద భయం లేదు. చిరిగిన చోట రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ గడ్డ ముక్క ఊడి పైకి పోయి మెదడులో ఇరుక్కుంటే పక్షవాతం. ఎడమ కెరోటిడ్ కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు, చాలామందిలో మాట కూడా పోతుంది. 27 ఏళ్ళ వయసులో.

గడ్డ పెరగడానికి టైమ్ పడుతుంది. ప్రమాదం జరిగిన వెంటనే మనిషి మామూలుగా మాట్లాడతాడు, టీ తాగుతాడు, ఇంటికి పోతాడు. పక్షవాతం వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి అది కొన్ని గంటల నుంచి 72 గంటల లోపు వస్తుంది, కొందరికి వారం, రెండు వారాలు దాటాక కూడా వస్తుంది. మందు పనిచేసేది ఈ మధ్యలో ఉన్న కాలంలోనే. చెయ్యి పడిపోయాక ఇచ్చే వైద్యం వేరు, దాని ఫలితమూ వేరు. ఆదివారం రాత్రి నుంచి లెక్కేసి మూడు రోజులు గడిచాయి కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. గడిచిన రోజులు ఎన్నైనా, ఈరోజు పొద్దున కొత్త లక్షణం వచ్చింది. లోపల ఏదో మారుతోందనే దానికి అర్థం.

తల సీటీ నార్మల్ కదా అన్న మాట నేను వారం వారం వింటాను. ఆ స్కాన్ తీసింది తలలో రక్తస్రావం ఉందా, పుర్రె ఎముక పగిలిందా అని చూడటానికి. అందులో రంగు మందు ఎక్కించరు, మెడ దాకా దిగరు. రంగు మందు లేకుండా తీసిన స్కాన్‌లో ధమని లోపలి పొర కనపడదు. కాబట్టి ఆదివారం ఒంగోలులో ఎవరూ తప్పు చేయలేదు. ఆ రోజు రెప్ప వాలలేదు, మెడ నొప్పీ లేదు. అప్పుడు వెతకాల్సిన కారణం లేదు, ఇప్పుడు ఉంది.

అసలు ఎవరిలో వెతకాలి అన్నదానికి అమెరికాలోని డెన్వర్, మెంఫిస్ నగరాల ట్రామా వైద్యులు తయారుచేసిన గుర్తుల పట్టికలు ఉన్నాయి, ప్రపంచమంతా దాదాపు వాటినే వాడతారు. మన రోడ్ల భాషలో చెప్తాను. మెడ వెన్నుపూస విరిగినవాళ్ళు, ముఖ్యంగా పై మూడింటిలో ఏదైనా లేదా ధమని పోయే రంధ్రం గుండా విరిగితే. పుర్రె అడుగు ఎముక పగిలినవాళ్ళు, ముఖం మధ్య భాగం ఊడినట్టు పగిలినవాళ్ళు. తాడిచెట్టు మీంచి తలకిందులుగా పడ్డ గీత కార్మికులు. చున్నీ లేదా పైట బైక్ చక్రంలో చుట్టుకుని మెడ బిగిసిన ఆడవాళ్ళు. ఉరి నుంచి దించి బతికించినవాళ్ళు. కారులో సీటు బెల్టు మెడ మీద ఎర్రటి చార వేసి, కింద వాపు ఉన్నవాళ్ళు. ఇవన్నీ ఏ లక్షణం లేకపోయినా వెతకాల్సినవి. ఇక మెడలో వాపు పెరుగుతుంటే, స్టెతస్కోప్ పెడితే హోరు వినిపిస్తే, తల స్కాన్ బాగున్నా చెయ్యో కాలో బలహీనంగా ఉంటే, లేదా మీ తమ్ముడిలా హార్నర్ కనిపిస్తే చర్చే లేదు. గట్టి దెబ్బలతో అడ్మిట్ అయ్యేవాళ్ళలో నూటికి ఒకరిద్దరికి ఈ గాయం ఉంటుంది. హైవే పక్కన ఉన్న మన ఆసుపత్రులకి అది తక్కువ సంఖ్య కాదు. ఈ పట్టికలోని ఏ గుర్తూ లేకుండా గాయం బయటపడేవాళ్ళూ కొందరు ఉంటారు. అందుకే పెద్ద ట్రామా సెంటర్లలో ఎలాగూ ఒళ్ళంతా స్కాన్ చేసేటప్పుడు మెడ ధమనులు కూడా చూసేస్తున్నారు.

స్కాన్ గురించి. అడగాల్సింది మెడ, తల సీటీ యాంజియోగ్రామ్. గుండె పైన పెద్ద ధమని దగ్గర మొదలై మెదడు అడుగున ధమనుల వలయం దాకా రావాలి. 16 స్లైసుల మెషీన్ కనీసం, 64 ఉంటే మంచిది. అలాంటి మెషీన్లు ఒంగోలులోనూ ఉన్నాయి, నెల్లూరులోనూ ఉన్నాయి. మోచేతి నరంలో రంగు మందు ఎక్కిస్తారు, ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, బల్ల మీద పడుకున్నాక కొన్ని నిమిషాల పని. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, కిడ్నీ జబ్బు ఉన్నా, ఇంతకుముందు రంగు మందు పడకపోయినా ముందే చెప్పాలి. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు. మీ తమ్ముడి వయసులో ఏ జబ్బూ లేనివాడికి ఆ రిపోర్టు కోసం గంటలు ఆగక్కర్లేదు.

డాప్లర్‌తో సరిపెడదాం, చవక కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. డాప్లర్ అంటే అల్ట్రాసౌండ్‌తో రక్తం పారే తీరు చూసే పరీక్ష. మెడ మధ్యలో దెబ్బ ఉంటే డాప్లర్‌లో దొరకొచ్చు. ఈ చిరుగులు ఎక్కువగా దవడ ఎముక వెనక, పుర్రె అడుగు దగ్గర వస్తాయి. అక్కడ ఎముక అడ్డం, అల్ట్రాసౌండ్ పోదు. దెబ్బ తగిలినవాళ్ళలో డాప్లర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే సగానికి పైగా గాయాలు తప్పిపోతాయి. ఎమ్మారై మంచిదే. గోడలో చేరిన రక్తం నెలవంక ఆకారంలో కనిపిస్తుంది, మెదడులో అప్పటికే చిన్న చిన్న చుక్కల్లాంటి దెబ్బలు తగిలాయేమో కూడా తెలుస్తుంది. దానికి టైమ్ ఎక్కువ, రాత్రిపూట దొరకడం కష్టం. సీటీ యాంజియో ముందు, అవసరమైతే ఎమ్మారై తర్వాత. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి తీసే డీఎస్ఏ అన్నిటికంటే ఖచ్చితమైనది. సీటీలో అనుమానం మిగిలినా, లోపలే వైద్యం చేయాల్సి వచ్చినా దానికి పోతాం.

రిపోర్టులో గ్రేడ్ అని ఒక అంకె ఉంటుంది. అది 1999లో డెన్వర్ వైద్యులు ఇచ్చిన లెక్క. లోపలి పొర కాస్త చెదిరి, దారి ఇరుకు 25 శాతం లోపు ఉంటే 1. ఇరుకు 25 శాతం లేదా ఎక్కువైతే, లేదా లోపల గడ్డ కానీ లేచిన పొర కానీ కనిపిస్తే 2. గోడ బయటికి ఉబ్బి తిత్తిలా అయితే 3. పూర్తిగా మూసుకుపోతే 4. తెగిపోయి రక్తం బయటికి పోతుంటే 5. కెరోటిడ్ విషయంలో వాళ్ళు అప్పట్లో చూసిన పక్షవాతం శాతం 1వ గ్రేడ్‌కి 3, రెండోదానికి 11, మూడోదానికి 33, నాలుగోదానికి 44, ఐదోదానికి 100. స్కాన్లు, మందులు మారాయి కాబట్టి ఈ అంకెలు ఇప్పుడు మీ తమ్ముడికి అచ్చంగా వర్తించవు. గ్రేడ్ పెరిగే కొద్దీ ప్రమాదం ఎలా ఎగబాకుతుందో చూడండి, అది మారలేదు. వెన్ను పక్కన పోయే వెర్టిబ్రల్ ధమనికి ఈ మెట్ల లెక్క ఇంత సాఫీగా కుదరదు. అక్కడ చిన్న గ్రేడ్ అయినా మేం తేలిగ్గా తీసుకోం.

ఇక మీ అసలు టెన్షన్ దగ్గరికి వద్దాం. మోకాలికి కుట్లు ఉన్నాయి, ఒళ్ళంతా గీసుకుపోయింది, ఇప్పుడు రక్తం పలచబడే మందు ఇస్తే రక్తం ఆగకుండా పోదా? ప్రశ్న న్యాయమైనదే, డాక్టర్లు కూడా దీని మీద కొట్లాడుకుంటారు. కుట్లు వేసిన మోకాలి నుంచి నాలుగు చుక్కలు కారినా కట్టు కట్టొచ్చు. మెదడులోకి పోయిన గడ్డని అలా వెనక్కి తీసుకురాలేం. మీ తమ్ముడికి తలలో రక్తస్రావం లేదు. పొట్టలో లివర్, ప్లీహం దెబ్బలు లేవని ఒకసారి చూసుకుంటే చాలు, మందు ఆపడానికి కారణం మిగలదు.

మందు రెండు రకాలు. ఒకటి ఆస్పిరిన్ మాత్ర, మన షాపుల్లో ఎకోస్ప్రిన్ అని దొరుకుతుంది. రెండోది హెపారిన్, చేతి నరం ద్వారా పంపుతో నెమ్మదిగా ఎక్కిస్తారు. మొదట్లో పెద్ద డోసు ఒకేసారి ఇవ్వకుండా మొదలుపెట్టి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఏపీటీటీ అనే పరీక్షని 40 నుంచి 50 సెకన్ల మధ్య ఉంచుతారు. ఏది మేలని చాలా వాదనలు నడిచాయి. మెడ ధమని చిరిగినవాళ్ళ మీద బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చేసి 2015లో ప్రచురించిన కాడిస్ అనే పరీక్షలో, 250 మందిని రెండు గుంపులు చేసి చూస్తే రెండిటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ గుంపులో యాక్సిడెంట్ కేసులు తక్కువ, అయినా మా అనుభవమూ దాదాపు అంతే. నా అలవాటు చెప్తాను. ఆపరేషన్ ఏదైనా రావచ్చు, లేదా తలలో, పొట్టలో రక్తస్రావం భయం ఉంది అంటే హెపారిన్, ఎందుకంటే పంపు ఆపితే కొన్ని గంటల్లో ప్రభావం పోతుంది, విరుగుడు మందు ప్రోటమిన్‌తో విరగ్గొట్టనూ వచ్చు. అలాంటి భయం లేకపోతే ఆస్పిరిన్ చాలు. ఏది అన్నదానికంటే ఎంత త్వరగా మొదలుపెట్టారు అన్నదే ముఖ్యం. తలలో రక్తస్రావం ఉన్నవాళ్ళలో కూడా మందు పూర్తిగా మానేయం. న్యూరోసర్జన్‌తో మాట్లాడి, మళ్ళీ తల స్కాన్ తీసి, రక్తం పెరగడం లేదని చూసుకుని ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలుపెడతాం.

ఇదంతా చదివి మీరే షాపులో కొని వేసేయకండి. స్కాన్‌లో 5వ గ్రేడ్ ఉంటే కథ తిరగబడుతుంది. డాక్టరు మొదలుపెట్టాక మాత్రం కొన్ని జాగ్రత్తలు మీ చేతిలో ఉంటాయి. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి పొట్టలో పుండు చేస్తాయి, ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పని కూడా చెడగొడుతుంది. మధ్యలో జ్వరం వచ్చి డెంగ్యూ అని తేలితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు ఆస్పిరిన్ సంగతి వెంటనే డాక్టరుకి చెప్పాలి. మన దగ్గర వానల సీజన్‌లో ఇది పుస్తకాల్లో ఉండే విషయం కాదు, నిజంగా జరిగేదే.

స్టెంట్ వేస్తామంటే? అందరికీ అక్కర్లేదు. వేసిన తర్వాత రెండు రకాల ప్లేట్‌లెట్ మందులు కొన్ని నెలలు తప్పనిసరి, దెబ్బలు తగిలిన మనిషికి అది అదనపు రిస్క్. 3వ గ్రేడ్ తిత్తి స్కాన్ స్కాన్‌కి పెరుగుతుంటే, మందు వాడుతున్నా చిన్న స్ట్రోకులు వస్తుంటే, మెదడుకి రక్తం చాలనంత ఇరుకైతే అప్పుడు స్టెంట్ ఆలోచిస్తాం. 1, 2 గ్రేడ్‌లకి మొదటి రోజే స్టెంట్ అంటే ఎందుకని అడగండి. రెండో అభిప్రాయం తీసుకోవడానికి టైమ్ ఉంటుంది, ఈలోపు మందు మాత్రం ఆగకూడదు.

చెన్నై పోవాలా అన్నారు. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మీరున్న చోటు నుంచి ఇంకా ఎక్కువ. పెద్ద ఊళ్ళోనే స్కాన్ తీయిద్దాం అని రాత్రంతా కారులో కూర్చోబెట్టడం మన జిల్లాల్లో ఎప్పుడూ జరిగే పొరపాటు. మీకు ఒంగోలు, నెల్లూరు రెండూ చెన్నై కంటే చాలా దగ్గర. స్కాన్ అక్కడ తీయించి, మందు అక్కడే మొదలుపెట్టించి, ఆ తర్వాత రిపోర్టును బట్టి నిర్ణయించుకోండి. 1 లేదా 2 గ్రేడ్ అయితే ఐసీయూలో నరాల పరిస్థితి గంట గంటకీ చూడగల ఆసుపత్రి చాలు. 3, 4 అయితే డీఎస్ఏ ల్యాబ్, మెదడు రక్తనాళాల్లో గొట్టంతో పనిచేసే డాక్టరు ఉన్నచోటికి మారండి. అది నెల్లూరు కావచ్చు, తిరుపతి, విజయవాడ, చెన్నై ఏదైనా కావచ్చు. బోర్డు చూసి పోకండి. ముందు ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "ఆ డాక్టరు గారు ఈ రాత్రి ఊళ్ళో ఉన్నారా?" మారేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే ఇస్తే లాభం లేదు, స్కాన్ మొత్తం సీడీలో అడిగి తీసుకోండి. లేకపోతే అక్కడ మళ్ళీ రంగు మందు, మళ్ళీ డబ్బు.

ప్రయాణంలో తిన్నగా పడుకోబెట్టండి. మెడ ఎముకలు బాగున్నాయని ఎవరూ తేల్చలేదు కాబట్టి మెడకి కాలర్ పట్టీ వేసి ఉంటే తీయకండి. ముఖం వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి జారిపోవడం, ఒక కన్ను ఒక్కసారి చీకటైపోవడం, వీటిలో ఏది కనిపించినా అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా సరే, టైమ్ రాసుకుని ముందు వచ్చే పెద్ద ఆసుపత్రికి తిప్పండి. పెద్ద రక్తనాళం మూసుకుంటే గొట్టంతో గడ్డ తీసే వైద్యం కొందరికి 24 గంటల దాకా కూడా పనికొస్తుంది. ఎప్పటిదాకా బాగున్నాడు అన్న టైమ్ మీరు చెప్పగలగాలి.

పుత్తూరు కట్టు మాట. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకునేవాళ్ళతో నేను గొడవ పడను. ఇక్కడ దెబ్బ తగిలింది ఎముకకి కాదు. మెడ పట్టేసిందని నూనె రాసి, తిప్పి, లాగి సరిచేస్తే వదులుగా ఉన్న లోపలి పొర ఇంకా లేస్తుంది, అంటుకుని ఉన్న గడ్డ ఊడుతుంది. ఎవరి చేతులూ ఆ మెడ మీద పడకూడదు, వాళ్ళెంత అనుభవం ఉన్నవాళ్ళైనా. క్షవరం అయ్యాక తల పట్టుకుని టక్కున మెడ విరవడం కూడా అంతే. ఏ ప్రమాదమూ లేకుండా, ఆ ఒక్క విరుపుకి వెర్టిబ్రల్ ధమని చిరిగినవాళ్ళు ఉన్నారు. సెలూన్‌కి వెళ్తే ముందే వద్దని చెప్పండి.

వెర్టిబ్రల్ అన్నాను కాబట్టి రెండు మాటలు. అది మెడ వెన్నుపూసల రంధ్రాల గుండా పైకి పోయి మెదడు వెనక భాగానికి రక్తం ఇస్తుంది. అది దెబ్బతింటే చెయ్యి కాలు పడిపోకపోవచ్చు. గిర్రున తిరగడం, వాంతులు, రెండేసి కనపడటం, నడిస్తే ఒక పక్కకి తూలడం, మింగలేకపోవడం, ఇలా వస్తుంది. యాక్సిడెంట్ అయిన నాలుగు రోజులకి కళ్ళు తిరుగుతున్నాయంటే గ్యాస్ అనో నీరసం అనో ఇంజక్షన్ పొడిపించుకుని పడుకుంటారు. మెడ వెనక నొప్పి కూడా ఉంటే అలా వదలొద్దు.

తెగిన గాయాల సంగతి పూర్తిగా వేరు, అయినా ఇక్కడే చెప్పాలి. చీమకుర్తి క్వారీల్లో రాయి కోసే డైమండ్ వైర్ తెగి పూస ఎగిరి మెడలో దిగడం, లారీ అద్దం గాజు, గాలిపటం మాంజా, కత్తి పోటు. ఇక్కడ ముందు చేయాల్సింది వేలు. శుభ్రమైన గుడ్డ పెట్టి, రక్తం వస్తున్న సరిగ్గా ఆ చోట వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆసుపత్రిలో ఎవరో చేతుల్లోకి తీసుకునేదాకా వదలకూడదు, ఎంతవరకు ఆగిందో చూద్దామని మధ్యలో ఎత్తకూడదు. మెడ చుట్టూ తువ్వాలు బిగించి కడితే ఊపిరి ఆగుతుంది, రెండో పక్క ధమని కూడా నలుగుతుంది. పసుపు, కాఫీ పొడి వద్దు. గుచ్చుకున్నది ఏదైనా దిగి ఉంటే దాన్ని లాగకూడదు, అదే మూతలా ఆపుతూ ఉండొచ్చు. ఊపిరి బాగా ఆడుతుంటే తల కాస్త కిందికి ఉండేలా పడుకోబెట్టాలి. మెడలో పెద్ద సిర తెగితే కూర్చున్న మనిషిలో గాలి లోపలికి పీల్చుకుని గుండెకి పోయే ప్రమాదం ఉంది. ఆయాసపడుతుంటే మాత్రం బలవంతంగా పడుకోబెట్టొద్దు.

రక్తం చిమ్ముతుంటే, వాపు కళ్ళ ముందే పెరుగుతుంటే లేదా కొట్టుకుంటుంటే, గాయంలోంచి గాలి బుడగలు వస్తుంటే, బీపీ పడిపోతే, ఊపిరి ఆడకపోతే స్కాన్ కోసం ఆగం, తిన్నగా ఆపరేషన్ థియేటర్‌కే. లోతైన గాయంలో వేలు అందకపోతే ఫోలీ కేథటర్‌ని, అంటే మూత్రానికి పెట్టే గొట్టాన్నే, గాయంలోకి పంపి దాని బెలూన్‌లో నీళ్ళు నింపి రక్తం ఆపుతాం. చిన్న ఆసుపత్రిలో కూడా దొరికే వస్తువు అది. మనిషిని ప్రాణాలతో నెల్లూరు దాకా చేర్చగలదు. ఈ గుర్తులేవీ లేకుండా మనిషి నిలకడగా ఉంటే సీటీ యాంజియో తీసి చూస్తాం. చర్మం కింద ప్లాటిస్మా అని పలచటి కండరం ఉంటుంది. గాయం దాన్ని దాటిందా లేదా తేల్చకుండా పైన నాలుగు కుట్లు వేసి పంపడం మాత్రం ప్రమాదం. లోతు ఎంతో చూద్దామని క్యాజువాల్టీలో పుల్లతో కెలకడం ఇంకా ప్రమాదం. థియేటర్‌లో కెరోటిడ్‌ని వీలైనంతవరకు బాగుచేస్తాం, అవసరమైతే కాలి సిర ముక్క తీసి అతుకుతాం. మెడలోని పెద్ద సిర, జుగులర్‌ని ఒక పక్క కట్టేసినా మనిషికి ఇబ్బంది ఉండదు. వెర్టిబ్రల్ ఎముక లోపల ఉండటం వల్ల దాన్ని గొట్టంతో కాయిల్, అంటే సన్నటి తీగ చుట్ట, పెట్టి మూయడమే చాలాసార్లు సులువు.

ఇంకొకటి, ఎక్కువమంది గుర్తుపట్టకుండా వదిలేసేది. తలకి గట్టి దెబ్బ తగిలిన కొన్ని రోజులకో వారాలకో ఒక కన్ను ఎర్రబడి, ముందుకి ఉబ్బి, చెవిలో గుండెతో పాటు హోరుమని శబ్దం వినిపిస్తే అది కళ్ళకలక కాదు. పుర్రె అడుగున కెరోటిడ్ చిరిగి పక్కనున్న సిరల గూడులోకి రక్తం పోతోందని అనుమానించాలి. చుక్కల మందు వేస్తూ వారాలు గడిపితే చూపు పోతుంది.

డబ్బు సంగతి మీరు అడగలేదు, మీ మామయ్య మాటల్లో అదే ఉంది. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే అడ్మిట్ అయ్యేటప్పుడే ఆసుపత్రిలోని ఆ డెస్క్‌లో చెప్పండి, డిశ్చార్జ్ రోజు కాదు. 2025లో కేంద్రం తెచ్చిన రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు వర్తిస్తుంది. దానికి పోలీసుల ధ్రువీకరణ కావాలి. ఆదివారం ఆసుపత్రిలో ఎమ్మెల్సీ, అంటే ప్రమాద కేసులకి రాసే మెడికో లీగల్ రికార్డు, రాశారా లేదా చూసుకోండి. రాయకపోతే ఇప్పుడైనా చెప్పి రాయించండి, మీ కేసుకి పథకం వర్తిస్తుందా అని బిల్లింగ్‌లో అడగండి. స్కాన్ ఈ లెక్కలు తేలేదాకా ఆగకూడదు.

అడ్మిట్ అయ్యాక ఏం జరుగుతుందో కూడా చెప్తే మీకు కంగారు తగ్గుతుంది. మొదటి రోజులు బీపీ పడిపోకుండా చూస్తారు, నర్సులు మాటిమాటికీ చేతులెత్తమంటారు, పేరడుగుతారు, విసుక్కోవద్దని మీ తమ్ముడికి చెప్పండి. 7 నుంచి 10 రోజుల మధ్య యాంజియో మళ్ళీ తీయాలి. చాలామందికి ఆ స్కాన్‌తో గ్రేడ్ మారుతుంది, వైద్యం కూడా మారుతుంది. 1వ గ్రేడ్ చాలావరకు మానిపోతుంది. మూసుకుపోయిన ధమని ఎక్కువగా అలాగే ఉండిపోతుంది, అయినా మిగతా ధమనులు మెదడు అడుగు వలయం ద్వారా సర్దుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడు. మందు సాధారణంగా 3 నుంచి 6 నెలలు, మధ్యలో మూడో నెల దగ్గర ఇంకో స్కాన్. ఆ లోపు బస్తాలు మోయడం, శీర్షాసనం, జిమ్‌లో మెడ వ్యాయామాలు వద్దు. రెప్ప వాలడం కొందరిలో పూర్తిగా పోదు, చూపుకి ఇబ్బంది లేదు కాబట్టి దాని గురించి దిగులు పడక్కర్లేదు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు రెండో స్కాన్ తేదీ, మందు ఆపే తేదీ రెండూ కాగితం మీద రాయించుకోండి. నొప్పి తగ్గాక మనవాళ్ళు ఎక్కువగా ఎగ్గొట్టేది ఆ రెండో స్కానే. ఈ రాత్రి రిపోర్టు వచ్చాక గ్రేడ్ ఎంతో, ఏ పక్కో ఇక్కడ రాయండి, తర్వాత ఎటు పోవాలో చెప్తాను.